పురిటి రింగు

మార్కండేయులు గారి మెళ్ళో దండ నా చేత్తోనే వేశాను. బంతిపూలు, మధ్యలో కనకాంబరాలు. దగ్గరుండి కట్టించాను. ఆయన తల వంచి వేయించుకుని, "ఈ కెమెరాల సంగతంతా చూసేది నువ్వేనా అమ్మా? ఏ ఊరు మనది?" అన్నాడు.

"విశాఖపట్నమేనండీ," అన్నాను.

అబద్ధం. నాది కాకిబోడు కొండ కింద నేరేడుగెడ్డ. మా అన్నని కొండ లోపల పోగొట్టుకుని, పైగా అయిదుగురిని చంపినవాడి చెల్లెలన్న పేరు మోస్తున్నదాన్ని. ఆ దండ వాడేలోగా ఈ పెద్దమనిషి పరువు ఊరందరి ముందూ తీసి పారెయ్యాలనే నా ఏర్పాటు. దానికోసం పదహారు కెమెరాలు, ఓ ఇనప చట్రం, మా తాయారు మేడమ్ జన్మంతా చదివిన చదువు వాడుకున్నాను. తప్పు కాదా అంటే, అవునో కాదో నాకు తెలీదు. నాకు ఒళ్ళు మండిపోతోంది, అంతే.

మా అన్న గౌరినాయుడు సొరంగం మేస్త్రీ. కొండ తొలిచాక రాయి మీద పడకుండా లోపల చేతికి గాజులేసినట్టు వరసగా కాంక్రీటు రింగులు పోస్తారు. ముందు ఇనప సెంట్రింగు నిలబెట్టి, దానిమీద కాంక్రీటు పోసి, అది గట్టిపడ్డాక సెంట్రింగు విప్పి ముందుకి జరుపుతారు. గట్టిపడకముందు విప్పారా, రింగు కూలుతుంది. మా ఊళ్ళో పాలు తాగే పిల్లకి తప్ప అందరికీ తెలిసిన సంగతి ఇది. కాకిబోడు రైలు సొరంగంలో ఏడేళ్ళ కిందట అదే జరిగింది. పచ్చిగా ఉన్న రింగు విప్పారు. అది కూలి దారి మూసుకుపోయింది. మా అన్నా, అతని కింద పనిచేసే అయిదుగురూ అవతల ఉండిపోయారు.

అప్పటి చీఫ్ ఇంజినీరు మార్కండేయులు గారు విచారణలో రెండు మాటలు చెప్పాడు. ఒకటి, ఆ రోజు తను సొరంగంలో అడుగే పెట్టలేదు, మేస్త్రీ తనంతట తనే తొందరపడి సెంట్రింగు విప్పించాడు. రెండు, మీద పడిన క్షణంలోనే అందరూ పోయారు, ఇంక తవ్వించి బతికున్నవాళ్ళని చంపడం దేనికి? ఆ మాటతో తవ్వడం ఆపేశారు.

సొరంగం మూతి దగ్గర కూచున్న ఆడవాళ్ళకి మాత్రం లోపల్నించి చప్పుడు వినపడింది. టక్, టక్ అని. మా వదిన అప్పలనరసమ్మ వెళ్ళి ఆయన కాళ్ళు పట్టుకుంది.

"రాయి సర్దుకుంటోందమ్మా. కొండన్నాక చప్పుడు చేస్తుంది," అన్నాడాయన.

చీఫ్ ఇంజినీరు మాట. కాదనడానికి అక్కడెవరున్నారు? కొన్నాళ్ళకి చప్పుడు ఆగిపోయింది. రాయి సర్దుకుందనుకున్నారు. నెలలు గడిచాక కొండకి అటువైపు నుంచి తొలుచుకొచ్చిన కూలీలకి మావాళ్ళు దొరికారు. ఎలా దొరికారో అడుగుదామంటే ఆ కూలీల్ని మర్నాడే వేరే పనికి తోలేశారు. మాకు మూటలిచ్చారు. విప్పి చూడొద్దన్నారు.

ఆ తర్వాత ఊరు మా వదిన మీద పడింది.

నేను విశాఖపట్నం నుంచి సెలవుకి వెళ్ళిన ఓ ఉదయం కుళాయి దగ్గర కళ్ళారా చూశాను. వదిన బిందె పెట్టగానే ముందున్న బిందెలన్నీ పక్కకి జరిగాయి. సన్యాసమ్మ, మా అన్న కింద పనిచేసిన పోలినాయుడి భార్య, తన బిందె కింద మట్టి చేత్తో తుడిచి మరీ జరుపుకుంది.

"నీ మొగుడికి తొందర. నా మొగుడికి సావు," అంది, వదిన వైపు చూడకుండా.

"ఏటి సన్నేసమ్మత్తా, నోరు బాగా పెరిగిందే! మా అన్న నీ మొగుడికి పని నేర్పినోడు," అని నేను మీదికి వెళ్ళాను.

వదిన నా జబ్బ పట్టుకుని లాగింది. "ఊరుకోయే పైడీ. ఆళ్ళ బాద ఆళ్ళది."

"నీకు పౌరుషం లేదా వదినా?"

"పౌరుసం ఉంటే నీల్లొత్తాయేటి? బిందె అందుకో."

ఇంటికొచ్చాక పొయ్యి ముందు కూచుని, నాతో కాదన్నట్టుగా అంది. "ఆ సప్పుడు రాయిది కాదే. రాయైతే ఒకేలాగ కొట్టదు. మీయన్న సుత్తి సప్పుడు నాకు తెల్దేటి?" ఏడేళ్ళూ ఆ ఒక్క మాట చెబుతూనే ఉంది. మతి పోయిందన్నారు. పాపం అనుకుని నేనూ తల ఊపేదాన్ని.

తాయారు మేడమ్ ల్యాబులో నేను కెమెరాలు బిగించే టెక్నీషియన్ని. పాత సొరంగాల గోడల్లో కంటికి కనపడని బీటల్ని వెతకడం ఆవిడ పని. బండి చక్రమంత ఇనప చట్రం చుట్టూ కెమెరాలు బయటికి చూసేట్టు బిగించి, ఆ చట్రాన్ని పట్టాల మీద నడిచే ట్రాలీ మీద నిలబెడతాం. ఒక కెమెరా చూసే మేర అంచు పక్కదాని అంచు మీదికి రావాలి, ఇంటి మీద పెంకులు పేర్చినట్టు. లేకపోతే మధ్యలో సందు మిగిలిపోతుంది. పైకప్పు దూరం, పక్క గోడలు దగ్గర, కాబట్టి దేని లెన్సు దానిది. అన్నీ ఒక్క ఫ్లాష్‌కి ఒకేసారి తీస్తే, సొరంగం లోపలి గుండ్రమంతా చాప పరిచినట్టు స్క్రీను మీద పరుచుకుంటుంది.

పోయిన ఏడాది మన్యంలో ఓ చిన్న సొరంగం తీస్తున్నాం. అది మా అన్న గుంపే కట్టింది. బీటలు బాగా తెలియడానికి మేడమ్ కొత్త రకం వెలుగు పెట్టింది, ఒకే దిక్కున కంపించే వెలుగు. ఒక రింగు దగ్గర స్క్రీను మీద మచ్చ లాంటిదేదో వచ్చింది.

"తేమ," అంది మేడమ్.

"కుక్కండీ," అన్నాను నేను. "ముడుచుకు పడుకుంది చూడండి. అవిగో చెవులు."

మేడమ్ కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చూసింది. నిజంగా కుక్కే. సొరంగంలో కుక్కెక్కడ? బోసి గోడ తప్ప ఏమీ లేదు. "తోకేదీ దీనికి?" అంది, అదొక్కటే పెద్ద లోపమైనట్టు.

బీట అనుకుని ఇంకోసారి ఫ్లాష్ కొట్టించింది. ఈసారి కుక్క లేదు. గోడ పైపొర మాత్రం పిండిలా రాలి మా నెత్తి మీద పడింది.

తర్వాత నెలంతా ఆవిడకి తిండి లేదు, నాకు తిట్లు. ఆ పెళ్ళలు సూక్ష్మదర్శిని కింద పెట్టి చివరికి కనిపెట్టింది. కాంక్రీటు గట్టిపడేటప్పుడు దాన్లో సూదుల్లా స్ఫటికాలు పుడతాయి. ఒక్కచోట నుంచి, ఒకే రకం చిన్న వెలుగు గంటల తరబడి పడుతుంటే, ఆ సూదులు వెలుగు వచ్చిన దిక్కుకి ఒరిగి పెరుగుతాయి. రింగు ముందున్న వస్తువుల మీద పడి తిరిగొచ్చిన వెలుగు దిక్కులన్నీ గోడ చుట్టూతా అలా నిలిచిపోతాయి. ఒక్క కెమెరాతో చూస్తే అది మరక. పదహారూ ఒక్క క్షణంలో తీసి లెక్క కడితే, ఆ రింగు గట్టిపడుతుండగా దాని ముందు ఎవరున్నారో వాళ్ళు. చూసే ఫ్లాష్ దెబ్బకే సూదులు విరిగిపోతాయి. రింగుని ఒక్కసారే చదవగలం. చదివాక ఆ రింగు పనికిరాదు, కొట్టేసి కొత్తది పొయ్యాల్సిందే.

"కదిలేది పడదు పైడీ. నిలకడగా ఉన్నదే పడుతుంది. ఆ తోక ఊగుతూనే ఉండుంటుంది," అంది నవ్వుతూ. "కానీ మిగతా రింగుల్లో ఎందుకు లేదు? నేను ల్యాబులో పోసిన వాటిల్లో ఎందుకు రావడం లేదు? ఏం దీపం అది?"

ఏం దీపమో నాకు తెలుసు.

కొత్తగా పోసిన రింగుని మావాళ్ళు పురిటి రింగు అంటారు. అప్పుడే పుట్టిన బిడ్డతో సమానం. దాని ముందు కరెంటు బల్బు వెలగకూడదు, గట్టిగా అరవకూడదు. గట్టిపడేదాకా ఒక్క నూనె దీపం పెట్టి, ఆరకుండా చూసుకుంటారు. దీపం ఆరితే రింగు నిలవదని నమ్మకం. ఆఫీసు వాళ్ళు తిడతారని కొన్ని గుంపులు మానేశాయి. మా అన్న మానలేదు.

కాకిబోడులో ఆ రోజు కూలిన రింగుకి అవతల ఇంకో రింగు ఉంది. అప్పుడే పోసింది. దాని ముందు దీపం ఉంది. అది ఇప్పటికీ నిలబడే ఉంది.

ఆలోచించండి. సొరంగంలో పనిచేసేవాడెవడూ ఒకచోట నిలవడు, కాబట్టి గోడలో పడడు. కదలకుండా కూచునేవాడే పడతాడు. మార్కండేయులు గారికి ఊళ్ళో పెట్టిన పేరే కుర్చీ దొర. ఎక్కడికెళ్ళినా క్యాన్వాసు గుడ్డ మడత కుర్చీ వెంట రావాలి. కారులోంచి దింపి సొరంగంలోకి మోయించి, అందులో కూచుని కాళ్ళు చాపి పని చూసేవాడు. ఆ రోజు లోపలికి రాలేదని ప్రమాణం చేశాడు కదా. గోడేమంటుందో చూద్దాం!

మేడమ్‌కి చెప్పాను. ఆవిడ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది. "పగ తీర్చుకోడానికా పైడీ నా పని?"

"అవునండీ. న్యాయం, సత్యం అని మీ దగ్గర నాటకాలాడను. పగే."

"లోకానికి మొదటిసారి చూపించేది ఇలాగా? ఏ హానీ లేని రింగుతో మొదలుపెడదాం."

"వచ్చే నెల రైళ్ళు వదుల్తారు. ఈలోగా ఆ రింగు మీద కొత్త కాంక్రీటు పూత కొట్టిస్తారట. కొట్టించేది ఎవరనుకున్నారు? భద్రతా కమిటీ అధ్యక్షులు, శ్రీ మార్కండేయులు గారు."

మేడమ్ తెల్లకాగితం ముందుకి లాక్కుంది. "ఆహ్వానం నువ్వు రాయకు. నీ కోపం అక్షరాల్లో తెలిసిపోతుంది. నేను రాస్తాను," అంది.

పూత వేసేముందు బీటల పరీక్ష, సొరంగం లోపలి సంపూర్ణ దృశ్యం తొలిసారిగా ప్రజల ముందు, తమరి చేతుల మీదుగా. ఇంతే రాసింది. ఆయన ఉబ్బిపోయి ఒప్పుకున్నాడు. ఊళ్ళో ఆరుగురు ఆడవాళ్ళనీ నేనే పిలిచాను. మీవాళ్ళు పోయిన చోటు స్క్రీను మీద చూపిస్తామన్నాను. సన్యాసమ్మ గుమ్మంలో నిలబడి నన్ను ఎగాదిగా చూసింది.

"మీ వదినొత్తాదా?"

"వస్తుంది."

"ఐతే నాను ఎనక్కూకుంటాను," అంది. వస్తానని ఒప్పుకున్నట్టే.

ఆ రోజు పొద్దున్నే ట్రాలీ లోపలికి తోశాం. కూలిన చోట కొత్తగా కట్టిన రింగు దాటి మా అన్న రింగు కింద ఆపాం. నల్లగా, తడిగా, అన్ని రింగుల్లాగే ఉంది. చట్రం సరిగ్గా మధ్యలో ఉండాలి, వెంట్రుకవాసి పక్కకి జరిగినా బొమ్మలు అతకవు. పట్టాలు ఒకపక్క కుంగి ఉంటే కింద చెక్కముక్కలు తోసి మట్టం చూశాను. ఒక్కొక్క లెన్సు తుడిచాను. పైనుంచి చుక్క పడుతున్న చోట కెమెరాకి గొడుగులా రేకు కట్టాను. గోడ మీద చెయ్యి వెయ్యాలనిపించింది. వెయ్యలేదు.

బయట షామియానా, పెద్ద స్క్రీను, మైకు. ముఖ్య అతిథి కోసం వేదిక మీద మెత్తటి సోఫా వేయించారు. ఆయన సోఫా వంక చూసి, "నా నడుముకి ఇవి పడవయ్యా," అన్నాడు. డ్రైవరు కారులోంచి కుర్చీ తెచ్చి వేశాడు. అదే కుర్చీ. గుడ్డ మార్చినట్టున్నారు, చెక్క మాత్రం అదే. నాకు నవ్వొచ్చింది. దండ వేసి, దణ్ణం పెట్టి, లోపలికి పరిగెత్తాను.

అన్నీ సరిచూసి మీట నొక్కబోతుంటే పదకొండో కెమెరా దీపం వెలగలేదు. తీగ వదులైంది. బిగిస్తే వెలుగుతోంది, వదిలితే ఆరిపోతోంది.

"వాయిదా వేద్దాం," అంది మేడమ్. "ఒక్కటి పోయినా ఆ ముక్క ఎప్పటికీ దొరకదు."

"వాయిదా వేస్తే రేపు పూత కొట్టేస్తారు. మీరు నొక్కండి." చట్రం మీదికెక్కి ఆ తీగని రెండు వేళ్ళతో నొక్కి పట్టుకుని కళ్ళు మూసుకున్నాను. వెలుగు రెప్పల్లోంచి కూడా ఎర్రగా కొట్టింది. వెంటనే పైనుంచి పొడి జలజల రాలింది. మా అన్న రింగు చచ్చిపోయింది. ఇంక ఎవరూ దాన్ని చదవలేరు.

బొమ్మ రెండు సగాలుగా వచ్చేట్టు పెట్టాను. నేను మీట నొక్కితేనే ఏ సగమైనా బయటి స్క్రీనుకి వెళ్తుంది. ఎడమ సగం ముందు అతుక్కుంది. సెంట్రింగు కాళ్ళు, నేల మీద ప్రమిద, దాని పక్కన మడత కుర్చీ. కుర్చీలో తెల్ల హెల్మెట్, చాచిన కాళ్ళు, పొట్ట మీద చేతులు. మొహం కొంచెం పల్చగా ఉన్నా గుర్తుపట్టడానికి చిన్నపిల్లలు చాలు. ఇంకో పక్క సెంట్రింగు విప్పుతున్న చోట మనుషులెవరూ లేరు, పొగలాంటి మసక తప్ప. పనిచేసేవాళ్ళు కదా. దగ్గర కూచుని విప్పించి, రింగు కూలకముందే ఈయన బయటికి నడిచుంటాడు.

మీట నొక్కాను. బయట గుంపు ఒక్కసారిగా గోలెత్తడం సొరంగంలోకి వినిపించింది. నా జన్మలో అంత తియ్యటి చప్పుడు వినలేదు.

తర్వాత మైకులో ఆయన గొంతు వచ్చింది. వణకలేదు. "ఇదంతా కంప్యూటర్ బొమ్మ. కుర్చీలో ఎవర్నైనా కూచోబెట్టొచ్చు. నిజమైతే నా కళ్ళ ముందు ఇంకోసారి తియ్యమనండి." ఇంకోసారి తియ్యలేం. గోల తగ్గింది. అవును కదా, ఇంకోసారి తియ్యమనండి అన్నారెవరో.

అప్పుడు మేడమ్ చెయ్యి నా భుజం మీద పడింది. "పైడీ, ఇటు చూడు."

కుడి సగం అతుక్కుంది.

గోడకి ఆనుకుని మనుషులు. ఒకరి పక్కన ఒకరు, కాళ్ళు చాపుకుని, అందరూ దీపం వైపుకి తిరిగి. పొగలా కాదు, స్పష్టంగా. రాళ్ళ కింద నలిగినవాళ్ళు కాదు, కూచున్నవాళ్ళు. దారి మూసుకుపోయాక, కరెంటు పోయాక, గాలి మిగుల్చుకోడానికి కదలకుండా కూచున్నారు. మొదటిసారి కదలకుండా కూచున్నారు, గోడలో పడ్డారు. దీపం మాత్రం ఆర్పలేదు. అది తాగుతున్నది వాళ్ళ గాలే. ఆర్పితే ఇంకొంత కాలం ఉండేవారు. కానీ పురిటి దీపం ఆరితే తలమీది రింగు కూడా పడుతుందని భయం. ఆ చాదస్తం వాళ్ళ ఊపిరి తీసింది. ఆ చాదస్తం లేకపోతే ఈ బొమ్మ లేదు. నేనెవరిని తిట్టాలి?

మధ్యలో మా అన్న. ఒళ్ళో పోలినాయుడి తల.

"బయటికి పంపకు," అంది మేడమ్, ఏడుస్తోంది. "క్షణంలో పోయారనుకుని బతుకుతున్నారు వాళ్ళ ఆడవాళ్ళు. ఇది చూసి ఎలా బతుకుతారు?"

చెయ్యి మీట మీదే ఉంది. ఇది పంపితే మార్కండేయులు మీద పగ తీరుతుంది, కానీ దెబ్బ ముందు తగిలేది ఆ ఆరుగురికి. మా వదినకి. పంపకపోతే అతను దండతోనే కారెక్కుతాడు. కంప్యూటర్ పట్టుకుని బయటికి నడిచాను. వెలుగులోకి రాగానే కళ్ళు చెదిరాయి. వేదికెక్కి మైకు లాక్కున్నాను.

"నా పేరు పైడితల్లి. గౌరినాయుడు మేస్త్రీ చెల్లెల్ని. ఈ బొమ్మలో ఇంకో సగం ఉంది. అందులో మీ మగాళ్ళున్నారు. చూడ్డానికి బాగోదు. మీరు వద్దంటే ఇక్కడే చెరిపేస్తాను."

మార్కండేయులు కుర్చీలో ముందుకి వంగాడు. మొహం మెత్తబడింది. "చూపించకమ్మా. బాధ పడలేదనే తృప్తి ఒకటి మిగిలింది వాళ్ళకి. అదీ తీసెయ్యకు. ఆడవాళ్ళు తట్టుకోలేరు."

ఆ మాటతో నాకు అర్థమైపోయింది. అందులో ఏముందో నేను చెప్పలేదు. ఆయన చూడలేదు. చూడకుండానే తెలుసు! ఏడేళ్ళ నుంచీ తెలుసు.

మా వదిన లేచి నిలబడింది. "బాద పడ్లేదని నీకెవులు సెప్పారు బావూ?" అంది, గొంతు పెంచకుండా. తర్వాత వెనక్కి తిరిగి సన్యాసమ్మ వంక చూసింది. ఆ అయిదుగురి మాట లేకుండా తనేం చెప్పదు.

సన్యాసమ్మ కొంగు నడుముకి దోపుకుంది. "సూపించు," అంది.

చూపించాను.

ఏడుపులు వస్తాయనుకున్నాను. రాలేదు. అందరూ దగ్గరికి నడిచి వచ్చారు, స్క్రీను కిందికి. ఎవరి మనిషిని వాళ్ళు వేలితో తడిమారు. సన్యాసమ్మ తన పోలినాయుడు ఎవరి ఒళ్ళో పడుకున్నాడో చూసింది. ఆ ఒడి చూసింది, ఆ నుదుటి మీద ఉన్న ఎడమచెయ్యి చూసింది.

"సెయ్యేదీ?" అంది ఉన్నట్టుండి. "గౌరినాయుడికి కుడిసెయ్యి లేదేటి?"

నిజమే. నేను చూడనే లేదు. మా అన్న భుజం దాకా ఉన్నాడు, అక్కడినుంచి కుడి చెయ్యి లేదు. భుజం పక్కన గోడ వెంట నీటి పైపు ఉంది, అంతే. తీగ వదులుగా ఉన్న కెమెరా వల్ల ఆ ముక్క పోయిందేమో అనుకున్నాను. కానీ వెనక పైపు చెక్కు చెదరకుండా ఉంది. గోడ ఉంది. చెయ్యి ఒక్కటే లేదు.

నా వెనకే బయటికొచ్చిన తాయారు మేడమ్ వేదిక మెట్టు మీద కూచుంది. "కదిలేది పడదు," అంది.

మా వదినకి సూదులూ స్ఫటికాలూ ఎవరూ చెప్పలేదు. ఆవిడ స్క్రీను వంకే చూస్తూ, ఎప్పట్నించో తెలిసిన సంగతి చెబుతున్నట్టు అంది.

"కొడతన్నాడు. పైపు మీద కొడతన్నాడు."

మూతి దగ్గర కూచుని ఆ చప్పుడు విన్న ఆడవాళ్ళంతా అక్కడే ఉన్నారు. టక్, టక్. రాయి సర్దుకుంటోందమ్మా.

సన్యాసమ్మ వేదికెక్కింది. మార్కండేయులు ముందు నిలబడింది.

"లెగు."

"అమ్మా, అది రాళ్ళ చప్పుడనే మేమంతా..."

"లెగమన్నానా!"

ఆయన లేచాడు. సన్యాసమ్మ ఆ కుర్చీని మడిచి చంకలో పెట్టుకుని కిందికి దిగిపోయింది. సోఫా దగ్గరికి ఆయన రెండడుగులు వేసేసరికి మిగతా ఆడవాళ్ళు దాని ముందు నిలబడ్డారు. ఎవరూ చెయ్యెత్తలేదు, ఒక్క తిట్టు తిట్టలేదు. పోలీసులు వచ్చేదాకా ఆయన ఎండలో, మెళ్ళో నా దండతో, నిలబడే ఉన్నాడు. కళ్ళు తిరుగుతున్నాయన్నాడు. మంచినీళ్ళడిగాడు. మా వదిన గ్లాసుతో తెచ్చి ఇచ్చింది. తాగాక గ్లాసు తీసుకుని, "కూకోడానికి మాత్రం లేదు," అంది.

కేసు నడుస్తోంది. ఆ బొమ్మ చెల్లదని ఆయన వకీలు వాదిస్తున్నాడు. అప్పుడు మావాళ్ళని బయటికి తీసిన కూలీల్లో ఇద్దరు దొరికారు, కూచున్నవాళ్ళనే తీశామని చెబుతున్నారు. నా పగ తీరిందా అని మేడమ్ అడిగింది. లేదన్నాను. ఆయన నిలబడింది ఒక్క పూట. మా అన్న చెయ్యి ఎన్ని పూటలు కొట్టిందో ఎవరికీ తెలీదు. ఆ కోపం నాతోనే పోతుంది, పోనీ.

చదివిన రింగుని కొట్టేసి మొన్న కొత్తది పోశారు. మంట పెట్టకూడదని కొత్త ఇంజినీరు అడ్డం వచ్చాడు. ఆరుగురు ఆడవాళ్ళు ప్రమిదతో ఎదురొచ్చేసరికి పక్కకి తప్పుకుని తనే బల్బులు ఆర్పించాడు. వదిన దీపం వెలిగించింది. సన్యాసమ్మ చంకలోంచి కుర్చీ తీసి, దీపానికి ఎదురుగా విప్పి వేసింది.

"దీంట్లో ఎవులూ కూకోకండి," అంది. "ఎప్పుడైనా ఎవులైనా సూత్తే ఇది కాలీగా ఉండాల."

మేమంతా గోడకి ఆనుకుని, కాళ్ళు చాపుకుని కూచున్నాం. ఒకచోట నిమిషం నిలవని నేను కూడా కదలకుండా కూచున్నాను. సన్యాసమ్మ భుజం మా వదిన భుజానికి తగులుతోంది, ఎవరూ జరగలేదు. గోడలో మేమందరం పడతాం, కుర్చీ పడుతుంది.

వదిన మాత్రం రాయి ఒకటి ఏరుకుని పక్కనున్న పైపు మీద కొట్టడం మొదలుపెట్టింది. టక్, టక్. ఏడేళ్ళ కిందటి దానికి ఇప్పుడు బదులిస్తోంది. కదలకు వదినా, బొమ్మలో నీ చెయ్యి రాదు అని చెబుదామనుకుని ఊరుకున్నాను. రింగు గట్టిపడేదాకా ఆవిడ కొడుతూనే ఉంది.